నీటిని దాచుకొనెడి పూలమొక్కలు

వేసవి వచ్చినదనిన మాకు అందెడి ఉత్తరములలో ఒక ప్రశ్న తఱచుగా కానవచ్చును: త్రాగునీటినే బిందెలతో కొలుచుకొను ఇంట పూలతోట యెట్లు? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను అనంతపురము వంటి సీమలో ఈ ప్రశ్న న్యాయమైనదే. నీటిని తమ కాండమునను ఆకులయందును దాచుకొనెడి పూలమొక్కలు కొన్ని కలవు. వానిని గూర్చి నేడు ముచ్చటింతము.

రణపాల మనకు క్రొత్తది కాదు. ఆకును నేలపై వేసినచో అంచుల నొక్కులనుండి పిల్లమొక్కలు లేచుట బాలురు కూడ ఎఱుగుదురు. ఒకప్పుడు సామర్లకోటలో కంపెనీవారి తోటను చూచిన బెంజమిన్ హెయిన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ఆకును నమలి చూచెను. అది ప్రొద్దున పుల్లగాను, మధ్యాహ్నము చప్పగాను, సాయంకాలము కొంచెము చేదుగాను ఉన్నదని అతడు వ్రాసిన లేఖను 1815లో లండనునందలి లిన్నియన్ సొసైటీవారు ప్రకటించిరి.

దాని మర్మము పిమ్మట తెలిసినది. తక్కిన మొక్కలలో చాలవఱకు పగటివేళ ఆకురంధ్రములు తెఱచి గాలి పీల్చును. ఆ రంధ్రములగుండనే నీరు ఆవిరియై పోవును. రణపాల ఎండవేళ వానిని మూసికొని, చల్లని రాత్రి తెఱచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లముగా మార్చి దాచుకొనును. మఱునాటి వెలుగులో ఆ పులుపు ఖర్చగును. అందుచేతనే దానికి అంత తక్కువ నీరు చాలును.

ఎడారిగులాబి యనబడు అడీనియం ఆఫ్రికా, అరేబియా ప్రాంతములది. దాని మొదలు బుఱ్ఱవలె ఉబ్బి నీటిని నిలుపుకొనును. గింజనుండి పెంచినచో ఆ ఉబ్బు చక్కగా వచ్చును. మడగాస్కరునుండి వచ్చిన ముళ్లకిరీటము ఏడాదిలో చాలకాలము పూయును. గడ్డిగులాబి ఎండ యెక్కినపుడే విచ్చును. మబ్బుపట్టిన దినమున ముడుచుకొనును. వీనిలో మల్లెవాసన లేదు, కొప్పులో ముడుచుటకును అంతగా పనికిరావు. ఆ లోటును ఒప్పుకొనియే నాటవలెను.

ఈ మొక్కలు ఎండకు చచ్చుట అరుదు. దినదినము చెంబెడు నీరు పోసెడి వారి చేతిలోనే తఱచుగా చచ్చును. వేళ్లచుట్టు తడి నిలిచినచో గాలి ఆడక వేరు క్రుళ్లును, ఆకులు వాడును. దాహమనుకొని మఱల నీరు పోయుదురు! కావున వ్రేలిని మట్టిలో రెండంగుళములు దింపి చూడుడు. తడి తగిలినచో ఆ దినము చెంబు ముట్టవలదు. నల్లరేగడి వీనికి పగ. ఎఱ్ఱమట్టికి సమముగా ముతక ఇసుకయు, కొన్ని ఇటుకముక్కలును, కొంచెము మాగిన యెరువును కలుపవలెను. కుండీ మట్టిదై, అడుగున రంధ్రము గలదై యుండవలెను. ముసురు పట్టినపుడు దానిని చూరు క్రిందికి జరుపుడు.

కొమ్మనాటుటకు ముళ్లకిరీటము సులువు. కోసిన కొమ్మను వారము దినములు నీడలో ఆరనిచ్చి, పాలు గడ్డకట్టిన పిమ్మట నాటవలెను. దాని పాలు కంటిలో పడిన మిక్కిలి మంట, వాపు కలుగును. అడీనియం పాలు విషము. కోసిన చేతులను వెంటనే కడుగుకొనుడు. పసిపిల్లలును, మేకలును తిరుగు చోట ఈ రెంటిని మేడపైననో గోడపైననో ఉంచుడు.