అకల్ దాఢ్: పిల్లలను ఓర్చుకోమనకండి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయులను మాట్లాడమంటే చదువుల గురించో, ఫలితాల గురించో చెబుతారని మీరు అనుకొని ఉంటారు. ఈసారి మేం ఒక పంటి గురించి చెప్పదలచుకున్నాం. మా దగ్గర పదో తరగతి పూర్తి చేసి ఇంటర్‌కు, డిగ్రీకి వెళ్లిన పిల్లలు దవడ పట్టుకొని రావడం మేం చాలాసార్లు చూశాం. పరీక్షలు, మొదటి ఉద్యోగం, పెళ్లి సంబంధాలు అన్నీ వచ్చే వయసులోనే ఈ పన్నూ వస్తుంది.

తెలుగులో దీన్ని జ్ఞానదంతం అంటాం. మన ఇళ్లలో అకల్ దాఢ్ అంటాం. అరబీలోనూ, లాటిన్‌లోనూ దీని పేరుకు ఇదే అర్థం. మనిషికి బుద్ధి తెలిసే వయసులో వస్తుంది కాబట్టి ఇన్ని భాషల వాళ్లూ ఒకే పేరు పెట్టుకున్నారు. అంతకుమించి ఈ పంటికీ తెలివికీ ఏ సంబంధమూ లేదు. 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ ఈ పళ్లు 20 ఏళ్ల ప్రాయంలో వస్తాయని రాశాడు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో మనిషికి 32 పళ్లని, కొందరికి చివరి నాలుగూ రాక 28 మాత్రమే ఉంటాయని చెప్పాడు. ఆయన చెప్పింది నేటికీ నిజం. ప్రపంచంలో దాదాపు ఐదో వంతు మందికి ఈ నాలుగింటిలో కనీసం ఒకటైనా పుట్టుకతోనే ఉండదు. వాళ్లకు ఆ లోటు తెలియను కూడా తెలియదు.

మరి అవసరం లేని పన్ను ఎందుకు ఉంది? ఒకప్పుడు అవసరం ఉండేది. దవడలో ప్రతి వైపూ నమిలే పెద్ద పళ్లు మూడు చొప్పున ఉంటాయి. మొదటిది 6 ఏళ్లకు, రెండోది 12 ఏళ్లకు, మూడోది 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. పచ్చి దుంపలు, గట్టి గింజలు, సరిగా ఉడకని మాంసం నమిలి తిన్న ప్రాచీన మానవులకు పెద్ద దవడలుండేవి. ఆ మూడో పంటికి చోటూ ఉండేది, పనీ ఉండేది. నిప్పు మీద వండటం, విసరడం, రుబ్బడం వచ్చాక తిండి మెత్తబడింది. పళ్ల పరిమాణం చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. దవడ ఎదుగుదల మాత్రం చిన్నతనంలో ఎంత నమిలామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. 2004లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన ఈ సంగతే చూపింది. హైరాక్స్ అనే కుందేలంత జంతువుల్లో కొన్నింటికి పచ్చి మేత, కొన్నింటికి వండిన మెత్తటి మేత పెట్టి పెంచారు. మెత్తటిది తిన్న వాటి ముఖం ఎముకల్లో కొన్ని భాగాలు తక్కువగా ఎదిగాయి. మనకూ జరిగింది అలాంటిదే. పన్ను పాత కొలతకు వస్తోంది, దవడ కొత్త కొలతకు ఎదుగుతోంది. అలాగని ఇవాళ్టి నుంచి పిల్లలకు చెరుకు గడలు నమలబెడితే అంతా సర్దుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చోటు లేని పన్ను పక్కకు వాలుతుంది, లేదా సగం బయటికి, సగం చిగురు కింద ఉండిపోతుంది. ఆ చిగురు మడత కింద మెతుకులు ఇరుక్కుంటాయి. అక్కడికి బ్రష్ అందదు. చిగురు వాచి చీము పడుతుంది, నోరు తెరుచుకోదు. కొందరికి పక్కనున్న మంచి పన్ను కూడా పుచ్చిపోతుంది.

మా పాత విద్యార్థిని ఒకమ్మాయి డిగ్రీ పరీక్షల ముందు బుగ్గ వాచి బడికి వచ్చింది. మూడు వారాలుగా మెడికల్ షాపులో బిళ్లలు కొని మింగుతోంది. ‘‘నానీ అకల్ వస్తోంది, ఓర్చుకో బేటీ అంటోంది టీచర్. అమ్మీకి చెప్పకండి, ఖర్చవుతుందని బెంగపెట్టుకుంటుంది’’ అంది. నానీ ప్రేమతోనే అన్నారు. కానీ మేం చూసేసరికి ఆ పిల్ల నోట్లోకి చెంచా కూడా పట్టడం లేదు. ఆ రోజే అమ్మీకి చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లాం. మందులతో వాపు తగ్గించి, వారం తర్వాత పన్ను తీశారు. పరీక్షలన్నీ రాసింది.

అంటే ప్రతి జ్ఞానదంతమూ తీయించుకోవాలా? అక్కర్లేదు. నిటారుగా వచ్చి, శుభ్రం చేసుకోవడానికి వీలుగా, నొప్పి లేకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. జబ్బు లేని జ్ఞానదంతాలను ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లో 2000లోనే అధికారికంగా సూచించారు. ఎవరైనా నాలుగూ ఒకేసారి తీసేద్దామంటే, ఎక్స్‌రేలో ఏముందో చూపించమని, ఎందుకు తీయాలో చెప్పమని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. కింది దవడలో పన్ను వేరుకు దగ్గరగా పెదవికి స్పర్శనిచ్చే నరం వెళుతుంది. అది ఎంత దగ్గరగా ఉందో కూడా ఎక్స్‌రే చూశాకే తెలుస్తుంది.

మా స్టాఫ్ రూములో నలుగురం ఈ పన్ను తీయించుకున్నవాళ్లమే. నలుగురివీ నాలుగు రకాల అనుభవాలు. పైపన్ను ఐదు నిమిషాల్లో వచ్చేసిన వారున్నారు. కింద అడ్డంగా పడుకున్న పన్నును ముక్కలు చేసి తీయించుకొని, కుట్లు వేయించుకున్న వారున్నారు. అందరం ఒప్పుకునేది ఒకటే. మత్తు సూది చురుక్కుమంటుంది, తర్వాత నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది కానీ నొప్పి తెలియదు. ఇబ్బంది మత్తు దిగాక మొదలై, రెండు మూడు రోజులు ఉంటుంది.

ఆ రోజుల్లో పాటించాల్సినవి చెబుతాం. డాక్టరు పెట్టిన గాజుగుడ్డను చెప్పినంతసేపు గట్టిగా కరిచిపట్టాలి. మొదటి రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. బుగ్గ మీద బయట నుంచి ఐసు పెట్టుకోవచ్చు. జావ, పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ తినాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించాలి. సిగరెట్, గుట్కా ముట్టకూడదు. గుంతలో గడ్డకట్టిన రక్తం పుండును కాపాడుతుంది. అది ఊడిపోతే రెండు మూడు రోజులకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. అప్పుడు మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. షుగర్ ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒక్క హెచ్చరిక. జ్వరం వచ్చి, వాపు మెడకు దిగి, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో కష్టమైతే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆ దశలో లవంగం నూనె పనిచేయదు, ప్రాణానికే ముప్పు.

ఖర్చుకు వెనుకాడేవారికి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉంది, విజయవాడలో ఉంది, కడపలో ఉంది. వరుసలో నిలబడాలి, ఒక పూట పని పోతుంది. కుర్రాళ్లు వెనకాడేది ఆ ఒక్క పూట కోసమే. షాపులో పనిచేసే అబ్బాయిని, కుట్టు మిషన్ మీద కూర్చునే అమ్మాయిని ఆ ఒక్క పూట పంపగలిగినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు.

మీ ఇంట్లోనో, మీ దుకాణంలోనో 18 ఏళ్ల పిల్లలు ఒకవైపే నములుతున్నా, అన్నం వద్దంటున్నా, ‘‘నోరు తెరువు బేటా, చూద్దాం’’ అనండి. ఈ రోజు మిమ్మల్ని మేం కోరేది అంతే.