దాతృత్వమునకు సాహసము వలయును

(సంగారెడ్డిలో నొక పఠనమందిరమున గావించిన ప్రసంగ పాఠము)



మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో దానమునకు కొదువ లేదు. బడికి బల్లలు, బస్సు నిలుచుచోట నీడ, వేసవిలో చలివేంద్రము. ఇవి యన్నియు మంచివే, మేము నిందింపము. కాని ఇట్టి దానమున దాతకు నష్టభయము లేదు, గ్రహీత బ్రతుకున మార్పును లేదు.

మన పెద్దలు నడచిన త్రోవ వేరు. 1901లో నైజాము రాజధానిలో తెలుగునకు ఆదరణ కరవైన దినములలో రావిచెట్టు రంగారావుగారు తమ యింటనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు చోటిచ్చిరి. చదువరులు వత్తురను పూచీ వారి కెవ్వరిచ్చిరి? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాజీ యెదుట భూమిలేని దళితులు 80 ఎకరములు కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిత్తుననిరి. అడిగినదానికంటె మిన్నగా నిచ్చిన యా మాటనుండియే భూదానోద్యమము పుట్టినది.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలయును. 2013 కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీత స్థాయి మించిన సంస్థలు గత మూడేండ్ల సగటు లాభమున నూటికి 2 వంతులు సంఘహితమునకు వ్యయింపవలయును. అది విధి. మురికిచేసిన నక్కవాగును శుభ్రపరచుట ఋణము. విధిని నెరవేర్చి, ఋణమును తీర్చి, దానిని దానమని చాటుకొనుట తగదు. దాన మటుపిమ్మటనే మొదలగును.

పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మరి తన బావి నీటిలో నేమున్నదని యడుగు రైతునకు బదులు చెప్పు శాల యొకటి యతని యూరికి చేరువలో నుండవలదా? ఒక్క దాత ముందునకు వచ్చి, ఏ కర్మాగారమునకును లోబడని నీటి పరీక్షాశాలను నెలకొల్పవలయును. గ్రామ యువతీయువకులకు ఆ విద్య నేర్పింపవలయును. పదేండ్ల వ్యయము నొక్కమారే నిక్షేపింపవలయును. ఫలితము దాతకే యప్రియమైనను పంచాయతీ గోడపై వ్రాయింపవలయును. మేము సాహసదానమనున దిదియే.

"విఫలమైనచో?" నని కొందరు సందేహింతురు. వాన నమ్మి దుక్కిలో విత్తనము చల్లు మన మెతుకుసీమ రైతు నడుగుడు. కొన్ని యేండ్లు పంట పోవును. ఐనను గాదెలో దాచిన గింజ యేనాటికిని మొలకెత్తదని యతడు చెప్పును.

ధనికులకు మా మనవి యింతియే: గాదె తలుపు తెరవుడు.