సంస్థ పరిమాణము – లాభదాయకత
(మాస్తిలో స్త్రీశక్తి సంఘాల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కారంపొడి, రాగిపిండి తయారీకి మీరు పెట్టదలచిన పెట్టుబడిని గురించి ఒక ప్రశ్న వచ్చింది: పెద్ద కంపెనీల నడుమ మనకేమైనా మిగులుతుందా? ముందుగా లాభాన్నీ లాభదాయకతనూ వేరుచేయాలి. కోటి రూపాయలపై ఐదు లక్షలు మిగిల్చిన సంస్థకు లాభం అధికం; లక్షపై పన్నెండు వేలు మిగిల్చిన సంఘానికి లాభదాయకత అధికం. వాడుకలో కన్నడమైనా తెలుగైనా రెండింటినీ "లాభ"మనే అంటాము కనుక, మాబోటి అనువాదకులను కూడా చిక్కులో పెట్టే మాట ఇది.

పరిమాణం వల్ల ఖర్చు తగ్గడం నిజమే. పాలను చల్లబరిచే తొట్టి రెట్టింపు పాలు పట్టాలంటే రేకు ఖర్చు రెట్టింపు కానక్కరలేదు. లారీ సగమే నిండినా డ్రైవరు జీతం తగ్గదు. రెండావుల రైతు ఈ మేలును ఒంటరిగా పొందలేడు. గ్రామ సంఘం, జిల్లా ఒక్కూట, రాష్ట్ర మహామండలి అనే మూడంచెల సహకార వ్యవస్థ వల్లనే మన జిల్లా పాలు "నందిని" పేరుతో నగరం చేరుతున్నాయి. రైతు చిన్నవాడుగానే ఉండి, పెద్దతనాన్ని నలుగురితో పంచుకొన్నాడు.

1975లో బజెల్, గేల్, సుల్తాన్ అనే ముగ్గురు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం ప్రకటించారు. మార్కెట్టులో వాటా పెరిగేకొద్దీ లాభదాయకత పెరుగుతుందన్నది వారి నిర్ణయం. ఆ వ్యాసంలోనే మనకు పనికివచ్చే మాట మరొకటున్నది: తరచుగా కొనే సరుకులలో ఆ ప్రభావం తక్కువ. ఏళ్లకొకసారి కొనే యంత్రానికి పేరున్న సంస్థనే నమ్ముతాము. పది రూపాయల పొట్లం నచ్చకపోతే వచ్చే వారం మరొకటి కొంటాము. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ ఇంటివద్ద కలిపిన నిర్మా పొడిని సైకిలుపై తిరిగి అమ్మగలగడానికి ఈ స్వేచ్ఛ ఒక కారణం. ధర తక్కువ కావడం మరొక కారణం. హిందుస్థాన్ లీవర్ వంటి సంస్థ "వీల్" పొడితో ఆయనకు బదులు చెప్పవలసివచ్చింది. అయితే నిర్మా చిన్నదిగా నిలిచిపోలేదన్నది మరువరాదు.

కావున మిరపకాయల కొనుగోలు, మర యంత్రం, రవాణా నాలుగైదు సంఘాలు కలిసి చేసుకోండి. రుచి, అమ్మకం ఎవరి ఊరిలో వారివే కానివ్వండి. అప్పుపై సరుకు కోరే దూరపు అంగళ్ల జోలికి మొదటి ఏడాది పోవద్దు. పెద్ద సంస్థ మూడు నెలలు ఆగగలదు, మీ మూలధనం ఆగలేదు. అన్నిటికంటె ముఖ్యం, లెక్కల పుస్తకంలో మీ కూలిని ఖర్చుగా వ్రాయండి. చిన్న సంస్థలలో లాభంగా కనబడేది చాలా చోట్ల ఇంటి ఆడవారికి చెల్లించని కూలి మాత్రమే. ఆ కూలి తీసివేసిన తరువాత మిగిలినదెంతో చూచుకొని, అప్పుడు బ్యాంకు రుణ పత్రంపై సంతకం చేయండి.