ఇంటికొక ఆరోగ్య పంచాంగము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు జ్ఞానదానము చేయుచున్న గ్రంథాలయపు పండుగలో నాలుగు మాటలు చెప్పు అవకాశము లభించినందులకు కృతజ్ఞుడను. నేను పండితుడను గాను. ముప్పదియేండ్లు ఆరోగ్యశాఖ ఉద్యోగిగా పల్లెలలో ఇల్లిల్లు తిరిగినవాడను. ఆ తిరుగుటలో నేర్చినదే నేడు మీకు విన్నవింతును.

మన గృహిణులు మిక్కిలి ముందుచూపు గలవారు. కందిపప్పు, మిరపకాయలు, చింతపండు సంవత్సరమునకు సరిపడ కొని, ఎండబెట్టి దాచుదురు. వేసవిలో ఆవకాయ పెట్టుదురు. రైతు ఏ కార్తెలో ఏమి విత్తవలెనో యెరుగును. కాని కుటుంబపు ఆరోగ్యమునకు ఇట్టి యేర్పాటు ఏ యింటను కానరాదు. మంచము పట్టిననాడే దానిని తలంతుము. అయ్యలారా, రోగములకును కార్తెలున్నవి. వచ్చు వేళ తెలిసిన దొంగకు ముందుగా తలుపు వేయుట కష్టమా?

ఈ మాట నేను పుస్తకములలో నేర్చినది కాదు. 1966వ సంవత్సరము శ్రావణమాసమున, నాకు ఎనిమిదేండ్ల ప్రాయమున, నాలుగేండ్ల నా చెల్లెలికి విరేచనములు పట్టుకొన్నవి. నీరు త్రాగిన రోగము హెచ్చునని పెద్దలు చుక్క నీరైనను పోయనీయలేదు. అది నీళ్లు నీళ్లని అడుగుచునే మూడవనాటి తెల్లవారుజామున కన్నుమూసినది. మా వారిది నిర్దయ కాదు, ప్రేమయే. కాని తెలివిడి లేని ప్రేమ. ఒడలిలోని నీరు పోయి చచ్చుచున్న బిడ్డకు నీరే మందని వారికి తెలియదు.

ఐదేండ్ల తరువాత, 1971లో, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినది. ఎక్కించుటకు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని రోగులకు త్రాగించిరి. నూటికి 30 వరకు ఉన్న మరణములు నాలుగుకు లోబడినవి. అదియే నేడు ఆశా కార్యకర్త యిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము. అది చేతికందని వేళ, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. ఉప్పు హెచ్చరాదు. తల్లిపాలు, అన్నము మానరాదు. వైద్యుని సలహాపై జింకు మాత్రలు 14 దినములు వేయవలెను. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, కన్నులు లోతుకు పోయినను, మలమున నెత్తురు పడినను తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక ఋతువుల వరుస చూతము.

వేసవిలో పొలముపని ఎండ ముదరకమున్నే ముగించుకొనవలెను. దాహము వేయకున్నను నీరు, మజ్జిగ, అంబలి త్రాగుచుండవలెను. ఎండదెబ్బ తగిలి ఒడలు కాలుచు, మాట తడబడు మనిషిని నీడకు చేర్చి, మేనంతయు తడిపి, విసరుచు ఆసుపత్రికి తరలింపవలెను.

వర్షకాలమున శత్రువులు రెండు: చెడిన నీరు, దోమ. నీటిని గూర్చి ఒక నిజము వినుడు. ఒకప్పుడు మన పల్లెలను నారికురుపు పీడించినది. దానికి టీకా లేదు, మందు లేదు. నీటిని గుడ్డతో వడగట్టుట, కురుపు గలవారు దిగుడుబావిలో దిగకుండుట, ముఖ్యముగా ఇట్టి జాగ్రత్తలతో అది మాయమైనది. 1996 తరువాత మన దేశమున ఎవరికిని రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను ధ్రువపరచినది. ఇంటింట పాటించిన చిన్న నియమమునకు అంత బలమున్నది. అయితే టైఫాయిడు, కామెర్ల క్రిములను గుడ్డ ఆపజాలదు. నీరు కళపెళ మరిగి ఒక నిమిషమైనను కాగవలెను. మరుగుదొడ్డికి పోయివచ్చిన వెనుకను, అన్నము ముట్టుటకు ముందును చేతులు సబ్బుతో కడుగవలెను.

డెంగీ దోమ మురుగున గాక మంచినీటిలో పుట్టును, పగలు కుట్టును. గ్రుడ్డు దోమ యగుటకు వారము పదిదినములు చాలును. కావున శుక్రవారము గడప కడుగునాడే తొట్లు, కుండలు, పూలకుండీల పళ్లెములు ఖాళీచేసి, గ్రుడ్లు అంటియుండు అంచులను రుద్ది కడుగవలెను.

చలికాలమున వృద్ధులను కనిపెట్టుకొని యుండవలెను. చలికి రక్తపోటు పెరుగును. బాధ లేదని దానిని ఉపేక్షింపరాదు. మనిషికి దినమునకు ఐదు గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒక టీ చెంచా, మించరాదు. ఊరగాయలోని ఉప్పును కూడ లెక్కలో చేర్చుకొనుడు. ఆవకాయను మానుమని చెప్పుటకు నాకు ధైర్యము లేదు. ముద్ద తగ్గింపుడని మాత్రము వేడుచున్నాను.

చివరి మాట ఏ ఋతువునకును చెందినది కాదు. మన ఇండ్లలో అందరును తిన్న వెనుక, మిగిలినది తినునామె ఒకతె యున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. ఏడాది పొడవునా ఇంటిని కాచునామెయే నీరసించిన ఆ యింటికి కాపు ఎవరు? ఆమె విస్తరిలో మునగాకు, తోటకూర, పప్పు, వీలున్నవారు గ్రుడ్డు తప్పక వడ్డింపుడు. గర్భిణులకు ఇచ్చు ఇనుపధాతువు మాత్రను టీతో గాక నీటితో మ్రింగవలెను. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును మొదట కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారును స్ప్రూ యను జీర్ణవ్యాధికి సోదరులను కోల్పోయినవారే. ఆ దుఃఖమును వారు లోకమునకు మందుగా మార్చిరి.

నాకంతటి ప్రతిభ లేదు. ఉన్నది ఈ ప్రార్థన యొక్కటే. ఈ ఋతు నియమములను ఒక కాగితముపై వ్రాయించి గ్రంథాలయపు గోడకు తగిలింపుడు. చదువరులు దానిని నకలు చేసి తమ యింట పంచాంగము ప్రక్కన ఉంచుకొనుడు. చదువురాని పొరుగింటి వారికి చదివి వినిపింపుడు. ఈ యూర ఏ బిడ్డయు ఇకమీదట నీళ్లు నీళ్లని అడుగుచు కన్నుమూయకున్నచో, ఈ రజతోత్సవమునకు అంతకు మించిన ఫలము లేదు.