ఐదు రోజుల సరుకు



గుండెలో చిల్లు ఉన్న పసిబిడ్డను మన పల్లెల నుంచి ఒకప్పుడు హైదరాబాదుకో, మద్రాసుకో తీసుకెళ్లేవారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ఖర్చుకూ, దూరానికీ ఒక దారి దొరికింది. నెత్తురు మాత్రం ఇప్పటికీ మనుషులే ఇవ్వాలి.

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు పావు లీటరు. గుండె ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు ఆ రక్తం యంత్రం గొట్టాల్లో తిరుగుతుంది, అందులోని ద్రవంతో కలిసి పలచబడుతుంది. గాయాన్ని మూయాల్సిన ప్లేట్‌లెట్లు గొట్టాలను తాకి, చల్లదనం తగిలి నీరసిస్తాయి. లెక్కలో లక్ష కనిపించినా పని చేయకపోవచ్చు. కుట్లు వేశాక కూడా నెత్తురు ఆగకపోతే దాత ఇచ్చిన ప్లేట్‌లెట్లే ఆదుకోవాలి.

మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి నిలవ ఉంటుంది. ప్లేట్‌లెట్లను అలా చల్లబరిస్తే, ఎక్కించాక ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. 20–24 డిగ్రీల వేడిలో కదుపుతూ ఉంచాలి. అదీ మామూలుగా 5 రోజులే. దసరా శిబిరంలో ఇచ్చినవి దీపావళికి అక్కరకు రావు.

అందుకే ఈ స్వర్ణోత్సవంలో నా కోరిక ఒకటే. మనలో ఒప్పుకున్నవారి పేరు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు రాసి బ్లడ్ బ్యాంకుకు ఇద్దాం. ఆస్పిరిన్ వేసుకునేవారు ముందే చెప్పండి. ఆ మాత్ర కూడా ప్లేట్‌లెట్ల పనిని ఆపేస్తుంది. వయసు దాటినవారు ఇంట్లో పిల్లలకు చెప్పండి.

బడి గంట వినగానే పరుగెత్తినవాళ్లమే కదా. ఫోన్ మోగినప్పుడూ కదులుదాం.

సెలవు.