ఏటికి ఆవల మా యిల్లు

విజయవాడ దాటి కృష్ణానది సముద్రమునకు పోవు దారిలో, ఎడమ గట్టున తోట్లవల్లూరు ఉన్నది. ఆ యూరి యెదుట నది ఒక్క ప్రవాహముగా పోదు. పాయలుగా చీలి, నడుమ లంకలను నిలిపి, మరల కలియును. పాములలంక, తోడేళ్ళదిబ్బలంక అను పేర్లు వినినవారికి అవి అడవులని తోచవచ్చును. నిజమునకు అవి పసుపు, కంద, అరటి, చెరకు పండు మంచి నేలలు. ఆ నేలను తెచ్చి పోసినది వరదయే. అందుచేత లంకవారు వరదను తిట్టునప్పుడు సైతము కొంచెము వెనుకాడుచునే తిట్టుదురు.

మా యిల్లు అటువంటి లంకలో నున్నది. వేసవిలో పాయకు అడ్డముగా తూములు వేసి మట్టిదారి పోసికొందుము. మొదటి వరదకే అది కొట్టుకొనిపోవును. అటుపిమ్మట పడవయే గతి. బడిపిల్లలు, పాలక్యానులు, అరటిగెలలు, పెండ్లివారు, అందరికిని అదియే దారి. పడవ ఆగినదా, కరకట్టకును మా వాకిటికిని నడుమ నున్న ఆ కొద్దిపాటి దూరమే కాశీయంత దూరమగును.

మేము చెప్పబోవునది 2009 అక్టోబరు నాటి సంగతి. ఆ దినములలో మా వైపున చినుకు లేదు. ఆకాశము నిర్మలముగా నుండెను. వాన కురిసినది ఎగువన, కర్ణాటకమునందును కర్నూలు ప్రాంతమునందును. అక్టోబరు 2వ తేదీన కర్నూలు పట్టణము మునిగినది. శ్రీశైలము జలాశయమునకు సెకనుకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చి పడుచున్నదని వార్తలలో చెప్పిరి. తలపై ఎండ కాయుచుండగా, ఎక్కడనో బయలుదేరిన నీటికై ఎదురుచూచుట చిత్రమైన అనుభవము. వాన పడుచున్నచో మనిషి తనంత తానే భయపడును. ఎండలో భయపడవలెనన్న ఒకరు చెప్పవలెను, మనము నమ్మవలెను.

చెప్పుటలో లోపము లేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహము 3 లక్షల 97 వేల క్యూసెక్కులకు చేరిన మొదటి హెచ్చరిక. 5 లక్షల 69 వేలకు చేరిన రెండవది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు, ఇంచుమించు 28 లీటర్ల నీరు. ఈ లెక్క తెలిసినను లంకలోని మనిషికి కావలసిన లెక్క వేరు. మా యింటికి ఏడు మెట్లున్నవి. ఇన్ని లక్షలకు నీరు ఎన్నవ మెట్టునకు వచ్చునన్నదే మాకు లెక్క. మా నాయనగారికి ఆ లెక్క కంఠస్థము. 1903లో సుమారు పదిన్నర లక్షల క్యూసెక్కుల వరద వచ్చెనట. దాని గుర్తును పెద్దలు చూపగా, అంతకు పైనే అరుగు కట్టించితిమని వారి ధీమా.

4వ తేదీ ఉదయమున స్త్రీలను, పిల్లలను పడవపై గట్టునకు చేర్చి బంధువుల యింట దించితిమి. నాయనగారికి అప్పటికి అరువది యైదేండ్లు. వారు రామనిరి. "నాలుగు గేదెలున్నాయి, దూడ ఉంది. వాటిని ఎవరికి అప్పజెప్పి రమ్మంటారు? మీరు పిల్లల్ని దింపి రండి" అనిరి. మధ్యాహ్నమునకు తిరిగి వచ్చుసరికి పడవలు నిలిపివేసిరి. ఎన్నో ఏండ్లుగా మమ్ము దాటించిన వృద్ధుడు పడవను గట్టున చెట్టునకు కట్టి కూర్చుండి యుండెను. ఎంతైన ఇత్తుమంటిమి. ఆతడు తల అడ్డముగా నూపెను. "పాయ నడుమ సుడి తిరుగుతోంది బాబూ. అయినా మీరు వెళ్ళి చేసేదేముంది? మేడ మీద ఒక మనిషికి ఇద్దరవుతారు, అంతేగా" అనెను. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పటికిని చెప్పలేము.

అది మొదలు మూడు రాత్రులు కరకట్టమీదనే గడపితిమి. మా డాబా అచ్చటికి కనబడుచునే యున్నది. వరదలో చిక్కినవారి కష్టమును గూర్చి అందరు చెప్పుదురు. బయట చిక్కినవారి సంగతి వేరు. లోపలివానికి చేయవలసిన పనియున్నది: బియ్యపు బస్తా పైకెత్తవలెను, పొయ్యి డాబా పైకి మార్చవలెను, నీటిని చూచుచుండవలెను. బయటివానికి ఏ పనియు లేదు. కాఫీ త్రాగవలెనన్నను సిగ్గు వేయును.

విద్యుత్తు మొదటి దినముననే పోయినది. నాయనగారి సెల్‌ఫోను మరునాటి ఉదయము వరకు పలికినది. రేడియోలో లక్షలు, ఫోనులో మెట్లు, ఈ రెంటిని కలిపి లెక్కించుచుంటిమి. "మూడో మెట్టు" అనిరి. కొంతసేపటికి "ఐదు" అనిరి. పిమ్మట ఫోను మూగవోయినది. కాని అంతకుముందే ఒక ఏర్పాటు చేసికొంటిమి: పగలు పిట్టగోడపై తెల్లపంచె, రాత్రి లాంతరు. అవి కనిపించిన క్షేమమే.

4వ తేదీ ఆశ్వయుజ పౌర్ణమి. ఆ వెన్నెలలో నది చూచుటకెంత అందముగా నుండెనో చెప్పినచో మీరు మమ్ము నిందింతురు. ఒడ్డులు లేవు, పాయలు లేవు. అంతయు ఒకే వెండి రేకు. చెరకుతోటల తలలు మాత్రము అక్కడక్కడ తేలుచున్నవి. దానిమీద ఒక గడ్డివామి చెక్కుచెదరక పోవుచుండెను. దానిపై ఒక కుక్క నిలిచి మావైపు చూచుచు మొరిగెను. ఆ లాంతరు వెలుగొక్కటి కదలక యున్నందుకు ఆ రాత్రి మాకు కొంచెము నిద్ర పట్టినది.

రెండవ రాత్రి లాంతరు కనబడలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినదని రేడియోలో విన్నది ఆ సమయముననే. అనగా సెకనుకు మూడుకోట్ల లీటర్ల పైమాట. 1903 లెక్క చెల్లిపోయినది. అరుగు ధీమాయు దానితోనే చెల్లిపోయి యుండవలెను. ప్రక్కనున్నవారు "నూనె అయిపోయి ఉంటుంది" అనిరి. మేమును ఔనంటిమి. తెల్లవారువరకు ఎవరును పడుకొనలేదు. తెల్లవారి మంచు విడిన తరువాత పిట్టగోడమీద పంచె కనబడినది.

7వ తేదీన ఆ వృద్ధుడే పడవ విప్పెను. నాయనగారు డాబాపైనుండి మమ్ము చూడగానే పలికిన తొలిమాట: "గేదెలు గట్టు చేరాయా?" జరిగినదేమనగా, ఆ రాత్రి నీరు పశువుల పాకలో గేదెల మెడలకు వచ్చినది. కట్టుగొయ్యలకు కట్టియున్నచో అవి నిలుచున్నచోటనే మునిగిపోవును. వారు లాంతరు చేతబట్టి గొంతులోతు నీటిలో దిగి, పలుపులు కోసి వదలిరి. మెట్లు ఎక్కునప్పుడు లాంతరు నీటిపాలైనది. గేదెలు ఈదగలవు. మూడు దిగువ గ్రామమొకదాని వద్ద గట్టెక్కినట్లు తరువాత తెలిసినది. ఒక గేదెయు దూడయు దొరకలేదు.

ఇంటిలో మోకాలిలోతు ఒండ్రు. తలుపు వెనుక, బియ్యపు డబ్బాలో, ఎక్కడ చేయిపెట్టినను పాము ఉండునేమో అను అనుమానము. అరటి అంతయు పడినది. చెరకు వంగినను బ్రతికినది. పసుపు మాత్రము పైకి పచ్చగానే యుండి, పదిదినములకు ఆకు పండి, పెరికి చూడగా దుంప కుళ్ళి కంపుకొట్టెను. మా ప్రక్క చేను కౌలుదారునిది. నష్టము వ్రాసికొనువేళ భూమి యెవరి పేరనున్నదని అడుగుదురు గాని, దుంప యెవరిదని అడుగరు గదా. అతడు ఆ చేను గట్టున కూర్చుండి, కుళ్ళిన దుంపలను ఒక్కొక్కటియే విరిచి వాసన చూచుచుండుట ఇప్పటికిని కన్నులలో నున్నది.

హెచ్చరించినను కదలని లంకవాడు మొండివాడని ఊళ్ళలో అనుట మేమెరుగుదుము. పునరావాస కేంద్రమున మనిషికి చాపయున్నది, పులిహోర పొట్లమున్నది. గేదెకు గడ్డియేది, నీడయేది? ఒక లంక కుటుంబమున పాలడబ్బుతోనే నెల గడచును. దానిని నీటిలో విడిచి ప్రాణము దక్కించుకొనుమనుట చెప్పినంత సులభము కాదు. పశువులకు ముందుగా గట్టుమీద చోటు చూపినచో మనుష్యులు వాని వెంటనే వత్తురు. ఆ వరద తరువాత మా యింట ఒక కట్టుబాటు చేసికొంటిమి: మొదటి హెచ్చరిక వినగానే పశువులు దాటవలెను, మిగిలినదంతయు తరువాత.

2024లో దాని అవసరము కలిగినది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో వాన మా నెత్తిననే కురిసినది. బుడమేరు విజయవాడను ముంచినది, మున్నేరు పొంగి కృష్ణలో కలిసినది. 2009లో వలె దినములకొలది వ్యవధి లేదు, గంటలే. వాన హోరు వినగానే, హెచ్చరికకై చూడక, పశువులను పడవలపై దాటించితిమి. వానివెంట నాయనగారు మాటాడక వచ్చి, కరకట్టమీద పరదాపట్టా క్రింద గేదెల ప్రక్కనే మంచము వేయించుకొనిరి. ఎనుబదియేండ్ల మనిషి.

బ్యారేజీ వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులని రేడియో చెప్పినది. 2009 నాటి దానికంటెను ఎక్కువ. ఆయన రేడియో గొంతు తగ్గించి, పాయవైపు చూచి, "అంటే ఇంట్లో ఎంతదాకా వచ్చి ఉంటుంది?" అని అడిగిరి. ఇంట ఎవరును లేరు. ఆ ప్రశ్నకు గట్టుమీద నున్న మాలో ఎవరమును జవాబు చెప్పలేకపోతిమి.