పాల బండికి వెనుక టైరు: వెడల్పా, బలమా?

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



పశువుల మేత గురించి, వెన్న శాతం గురించి చెప్పగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మెకానిక్‌ని. మీరు పిండిన పాలను శీతల కేంద్రం దాకా మోసే చక్రం గురించి మాత్రమే నాలుగు మాటలు చెబుతాను.

ఈ పనిలోకి రాకముందు నేనూ నాలుగేళ్ళు మా సంఘం పాలు మోటారు సైకిలు మీద మోశాను. వెనుక టైరు అరిగిపోయినప్పుడు, లావు టైరయితే ఎక్కువ బరువు మోస్తుందనుకున్నాను. 80 మిల్లీమీటర్ల టైరు తీసేసి, 100 మిల్లీమీటర్లది పాత రిమ్ముకే ఎక్కించాను. చూడటానికి దిట్టంగా ఉంది. మూడో వారంలో, మే నెల ఎండలో, రెండు క్యాన్లతో వెళుతుంటే చక్రం గోతిలో పడింది. టైరు చైను కవరుకు ఒరుసుకుని పక్క కోసుకుపోయింది, ట్యూబు పేలింది. నాకు మోచేయి గీసుకుపోవటంతో సరిపోయింది. కాని బండి బాగుచేయించుకుని కేంద్రానికి చేరేసరికి పాలు పులిసిపోయాయి. తీసుకోలేదు. ఆ 80 లీటర్లు నావి కావు, ఇరవై ఇళ్ళవారివి.

ఎక్కడ పొరపడ్డాను? టైరు 20 మిల్లీమీటర్లు పెరిగితే అటు 10, ఇటు 10 జరుగుతుంది. చైను పక్కన అంత ఖాళీ లేదు. పైగా 80 టైరుకు 1.85 అంగుళాల రిమ్ము చాలు. 100 టైరుకు 2.15 నుంచి 2.75 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ములో టైరు అంచులు దగ్గరకు నొక్కుకుని, నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది. ఆ నడుమ భాగమే నేలకు ఆని త్వరగా అరుగుతుంది. బరువు పడితే బండి పక్కలకు ఊగుతుంది.

మరి బరువు మోసేది ఏది? టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదవండి. 80/100-18 54P అని ఉందనుకోండి. 80 వెడల్పు. 100 అంటే ఎత్తు వెడల్పులో నూటికి నూరు. 18 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. చివరి P వేగానికి గుర్తు. మనకు ముఖ్యం 54. సరిపడా గాలి ఉంటే 212 కిలోలు మోస్తుందని దాని అర్థం. అదే కొలత టైరు 47 గుర్తుతోనూ దొరుకుతుంది. అది 175 కిలోలే మోస్తుంది. వెడల్పు ఒకటే, బలంలో 37 కిలోల తేడా!

ఇప్పుడు లెక్క చూడండి. 40 లీటర్ల పాలు 41 కిలోలు. క్యాన్ల బరువు కలిపితే రెండింటికీ సుమారు 95 కిలోలు. అది దాదాపు అంతా వెనుక చక్రం మీదే. ఖాళీ బండి బరువులో సగం 55, మనిషి బరువులో 45 కలిపితే 195 అవుతుంది. 47 టైరుకు ఇది మోయరాని బరువు. 54 టైరుకు మిగిలేది 17 కిలోలే. అందుచేత మూడో క్యాను తగిలించవద్దు. రెండో ట్రిప్పు వేయండి. టైరు మోసినా స్ప్రింగులు, బ్రేకులు, స్పోకులు పాతవేనని మరువకండి.

టైరు కొనేటప్పుడు బండితో వచ్చిన కొలతే అడగండి. అందులో బలం గుర్తు కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా చూడండి. ట్యూబు కూడా అదే కొలతది వేయించండి. బురద దారిలో సన్న టైరు బురదను చీల్చుకుని గట్టి నేల పట్టుకుంటుంది. లావు టైరుకు తేలే గుణం ఇసుకలో పనికివస్తుంది గాని బురదలో జారుతుంది. గాలి మాత్రం పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, గేజి పెట్టి చూడండి. బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు. బరువు వేసుకున్నప్పుడు ఎంత పెట్టాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది.

చివరిగా ఒక్క మనవి. రేపు ఉదయం పాలు పోయటానికి వెళ్ళినప్పుడు, మీ పాలు మోసే తమ్ముడి బండి వెనుక టైరు దగ్గర ఒక్క నిమిషం వంగి ఆ అంకె చదవండి. టైరు ఖర్చు అతనిదే కావచ్చు. అది పేలితే నష్టం మాత్రం మనందరిదీ.